జాన పెట్టి చూడండి: ఆకాశంలో రంగుల మబ్బుల్ని గుర్తుపట్టే పద్ధతి

ఎండాకాలం రాత్రుల్లో మిద్దె మీద పడకలేసుకుని పడుకునేవాళ్ళం. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే మా అవ్వ "వరదగుడి కట్టింది చూడు" అనేది. వెంటనే చెయ్యి చాపి, చంద్రుడికీ వలయానికీ మధ్య జాన పెట్టి కొలిచేది. "దూరపు గుడి అయితే దగ్గర వాన. దగ్గర గుడి అయితే దూరం వాన. అంతే నాయనా" అని చెప్పి అటు తిరిగి పడుకునేది.

అప్పట్లో నాకది పొడుపుకథలా ఉండేది. ఆకాశంలో కనిపించే రంగుల గురించి చదువుకున్నాక ఆ మాట విలువ తెలిసింది. చంద్రుడికి జానెడు దూరంలో కట్టే గుడి వేరు, చంద్రుణ్ణి అంటుకుని ఉండే గుడి వేరు. పెద్ద గుడి బాగా ఎత్తులో ఉండే మంచు పలుకుల వల్ల వస్తుంది. చిన్నది అంతకంటే కిందనుండే మబ్బుల్లోని నీటి బిందువుల వల్ల వస్తుంది. వాన జోస్యం ప్రతిసారీ ఫలించదు గానీ, అవ్వ రెండింటినీ వేరు చేసిన తీరు మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైనది. ఆమె రంగు జోలికే పోలేదు. ముందు దూరం కొలిచింది.

రంగుల మబ్బు కనిపించగానే మనం చేసే పొరపాటు అక్కడే. గులాబీ, ఆకుపచ్చ, నీలం కనబడగానే "ఇంద్రధనుస్సు మబ్బు" అనేసి ఫొటో తీసి గ్రూపులో పెడతాం. ఆ పేరు కింద కనీసం ఏడెనిమిది వేర్వేరు వింతలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని వేరు చెయ్యడానికి పరికరాలేమీ అక్కర్లేదు. చెయ్యి, నీడ, కాస్త ఓపిక ఉంటే చాలు. తిరుపతి, చిత్తూరు వైపు ఉండేవాళ్ళకు పనికొచ్చే లెక్కలు కూడా ఇందులో ఇస్తున్నాను. మన అక్షాంశం దాదాపు 13.6 డిగ్రీలు కావడం వల్ల మనకు మాత్రమే కలిసొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు కళ్ళు

ఈ రంగుల్లో చాలావరకు సూర్యుడి పక్కనే కనిపిస్తాయి. అందుకే సూర్యుణ్ణి దేనిచాటునైనా పెట్టకుండా అటువైపు చూడొద్దు. నీళ్ళ ట్యాంకు, గోడ మూల, కరెంటు స్తంభం, కొబ్బరి మట్ట, ఏదైనా సరే. గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం నీడలో నిలబడి చూస్తే సూర్యుడితో పాటు చుట్టూ ఉండే మిరుమిట్లు కూడా మరుగైపోతాయి. అంతవరకు తెల్లగా కనిపించిన మబ్బులో రంగులు తేలతాయి. మా మిద్దె మీద నేను సిమెంటు ట్యాంకు నీడలోనే కూర్చుంటాను.

మామూలు కూలింగ్ గ్లాసులు, పాత ఎక్స్‌రే ఫిల్ములు సూర్యుణ్ణి చూడడానికి పనికిరావు. బైనాక్యులర్స్ అసలు వద్దు. ఇంకో మంచి దారి ఉంది. ముదురు రంగు బకెట్ నిండా నీళ్ళు పట్టి, అందులో మబ్బుల ప్రతిబింబం చూడండి. వెలుగు బాగా తగ్గిపోయి రంగులు స్పష్టంగా కనబడతాయి. అందులో కూడా సూర్యుడి బింబం వైపు మాత్రం చూపు పోనివ్వొద్దు.

మొదటి అడుగు: సూర్యుడు మీ ముందున్నాడా, వెనకా?

రంగులు కనిపిస్తున్న వైపుకు తిరిగి నిలబడండి. మీ నీడ ఎటు పడుతోంది? నీడ కూడా రంగుల వైపే పడుతుంటే సూర్యుడు మీ వీపు వెనక ఉన్నట్టు. అలా ఉంటే అది దాదాపుగా అసలైన ఇంద్రధనుస్సే. వాన చినుకుల వల్ల వచ్చే ఆ విల్లు మీ తల నీడ చుట్టూ 42 డిగ్రీల వలయంలో ఒక ముక్క. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తుకెక్కితే నేలమీద నిలబడినవాళ్ళకు అది కనబడదు. అందుకే హరివిల్లు ఉదయం, సాయంత్రాలదే. నడిమధ్యాహ్నం "హరివిల్లు" చూశామని ఎవరైనా చెబితే వాళ్ళు చూసింది ఇంకేదో అన్నమాట.

వెనకనుంచి ఎండ పడేటప్పుడు కనిపించేది ఇంకొకటుంది, గ్లోరీ. మీ నీడ పొగమంచు మీదో మబ్బు మీదో పడి, తల నీడ చుట్టూ చిన్న చిన్న రంగుల వలయాలు ఏర్పడతాయి. చలికాలం ఉదయాల్లో తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లోనో హార్స్‌లీ హిల్స్ అంచునో, కింద లోయలో మంచు నిలిచి వెనక ఎండ ఉంటే దీని కోసం వెతకొచ్చు. ఇంతకంటే తేలిక దారి రేణిగుంట నుంచి విమానం ఎక్కడం. ఎండ పడని వైపు కిటికీ దగ్గర కూర్చుని, కింద మబ్బుల మీద పరుగెత్తే విమానం నీడను వెతకండి. దాని చుట్టూ ఉన్న రంగుల వలయమే గ్లోరీ.

సూర్యుడు మీ ముందు గానీ, పక్కన గానీ, నెత్తిన గానీ ఉంటే అసలు పని ఇక్కడినుంచి మొదలు.

రెండో అడుగు: జాన పెట్టండి

చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగకూడదు. బొటనవేలినీ చిటికెనవేలినీ వీలైనంత ఎడంగా చాచి జాన పట్టండి. ఆ జాన ఆకాశంలో ఇంచుమించు 20 నుంచి 22 డిగ్రీలు. పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు. చిటికెనవేలి మందం ఒక డిగ్రీ. సూర్యుడైనా చంద్రుడైనా అర డిగ్రీయే, అంటే చిటికెనవేలి వెనక పూర్తిగా దాగిపోతారు. చిన్నపిల్లల చెయ్యి చిన్నదైనా చాపు కూడా తక్కువే కాబట్టి వాళ్ళకూ ఈ లెక్క సరిపోతుంది. మీ జాన సరిచూసుకోవాలంటే దిగంతం నుంచి నడినెత్తి దాకా జానలు వేసుకుంటూ రండి. నాలుగుకు పైచిలుకు రావాలి.

ఇప్పుడు సూర్యుణ్ణి దేనిచాటునైనా ఉంచి, అక్కడినుంచి రంగు ఎంత దూరంలో ఉందో కొలవండి.

సూర్యుణ్ణి లేదా చంద్రుణ్ణి ఆనుకుని, పిడికిలి లోపే గుండ్రంగా ఉంటే అది కరోనా, అవ్వ చెప్పిన దగ్గర గుడి. అక్కడినుంచి రెండు జానల లోపు ఎక్కడైనా, వంకర టింకరగా మబ్బు అంచులు పట్టుకుని రంగులుంటే ఇరిడెసెన్స్. మన అసలు రంగుల మబ్బు అదే. కచ్చితంగా జానెడు దూరంలో సన్నటి వలయముంటే 22 డిగ్రీల పరివేషం, దూరపు గుడి. అదే జానెడు దూరంలో, సూర్యుడికి ఎడమనో కుడినో, సూర్యుడంత ఎత్తులోనే మెరిసే రంగుల మచ్చ ఉంటే దాన్ని సన్‌డాగ్ అంటారు. రెండు జానలు దాటి సూర్యుడికి కింద, దిగంతానికి సమాంతరంగా పట్టీలా ఉంటే అడ్డ హరివిల్లు. రెండు జానలు దాటి సూర్యుడికి పైన, నడినెత్తి దగ్గర, నవ్వుతున్న నోటిలా వంగి ఉంటే తలకిందుల హరివిల్లు. చివరి రెండు పేర్లూ నేను వాడుకునేవి. ఇంగ్లీషులో వాటిని సర్కమ్‌హారిజాంటల్ ఆర్క్, సర్కమ్‌జెనితల్ ఆర్క్ అంటారు.

ఈ ఒక్క కొలతతోనే సగానికి పైగా చిక్కు విడిపోతుంది.

మూడో అడుగు: ఎరుపు ఎటు తిరిగి ఉంది?

మంచు పలుకుల గుండా వెలుగు వంగి వస్తే ఎరుపు సూర్యుడి వైపే ఉంటుంది. పరివేషం లోపలి అంచు ఎర్రగా ఉంటుంది. సన్‌డాగ్‌లో సూర్యుడి వైపున్న కొస ఎర్రన. అడ్డ హరివిల్లులో పై అంచు, తలకిందుల హరివిల్లులో కింది అంచు ఎర్రగా ఉంటాయి. నీటి బిందువుల వల్ల వచ్చే కరోనాలో ఇది తిరగబడుతుంది. మధ్యలో నీలి ఛాయ కలిసిన తెల్లటి బిళ్ళ, దాని బయటి అంచు గోధుమ కలిసిన ఎరుపు, ఆపైన మళ్ళీ నీలం, ఆకుపచ్చ, ఎరుపు వలయాలు. ప్రతి వలయంలోనూ ఎరుపు బయటికే ఉంటుంది.

ఈ తేడాకు కారణం ఉంది. ఆరు పలకల మంచు పలుకు పట్టకంలా పనిచేస్తుంది. అందులో ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగుతుంది కాబట్టి సూర్యుడికి దగ్గరగా నిలుస్తుంది. చిన్న నీటి బిందువు పక్కనుంచి పోయే వెలుగు మాత్రం అలలా చెదురుతుంది. అక్కడ పొడవాటి అల, అంటే ఎరుపు, ఎక్కువ దూరం చెదురుతుంది. ఈ చెదరడాన్నే పాఠాల్లో వివర్తనం అని చదువుకున్నాం.

ఎరుపు ఎటుందో అసలు అర్థం కాకుండా, గులాబీ పక్కన ఆకుపచ్చ, మళ్ళీ గులాబీ, మధ్యలో ఊదా అన్నట్టు కలగాపులగంగా ఉంటే సంతోషించండి. మీరు ఇరిడెసెన్స్ చూస్తున్నారు.

నాలుగో అడుగు: రంగు మబ్బు చెప్పినట్టు వింటోందా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది. రంగు గీత ఎటు పోతోందో నింపాదిగా చూడండి. అది మబ్బు అంచు ఎలా వంకర్లు పోతే అలా పోతోందా? లేక మబ్బు ఆకారంతో సంబంధం లేకుండా తన దారిన తాను వలయంగానో అడ్డపట్టీగానో సాగుతోందా?

పరివేషమూ, ఆర్కులూ తమ స్థానం వదలవు. మబ్బు కదిలిపోయినా రంగు అక్కడే ఉంటుంది. వెనక వచ్చిన మబ్బు ముక్క ఆ చోటికి చేరగానే అదే రంగు వేసుకుంటుంది. ఇరిడెసెన్స్ మబ్బుతోనే ప్రయాణిస్తుంది. మబ్బు అంచు ఆరిపోతుంటే రంగులు లోపలికి జరుగుతాయి, మబ్బు కరిగితే మాయమవుతాయి. ఒక్క నిమిషంలో గులాబీ ఉన్నచోట ఆకుపచ్చ వస్తుంది.

మబ్బు అంచులో బిందువులు అప్పుడే పుట్టినవో, ఆవిరైపోతున్నవో అయ్యుంటాయి. అందుకే అవి చాలా చిన్నవి, పక్కపక్కన ఉన్నవి ఇంచుమించు ఒకే సైజువి. ఒక్కో సైజు ఒక్కో రంగును మన కంటికి పంపుతుంది. ఒకే సైజు బిందువులున్న చోట్లన్నీ కలిపితే ఒక రంగు గీత అవుతుంది, అది సహజంగానే మబ్బు అంచును అనుసరిస్తుంది. సూర్యుడికి బాగా దగ్గరలో, సూర్యుడి నుంచి ఎంత కోణంలో ఉందన్నదాని పెత్తనం ఎక్కువ, అక్కడ వలయాలు వస్తాయి. దూరం పోయేకొద్దీ బిందువు సైజు పెత్తనం ఎక్కువ, అక్కడ అంచుల వెంట పట్టీలు వస్తాయి. కరోనా, ఇరిడెసెన్స్ ఒకే కుటుంబమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒకే మబ్బులో లోపల వలయం, బయట చిందరవందర రంగులు కలిసి కనబడిన రోజు చాలా అదృష్టమైన రోజు.

మబ్బు పలచన కావడం కూడా ముఖ్యం. వెలుగు ఒక్క బిందువును తాకి నేరుగా మన కంటికి రావాలి. దట్టమైన మబ్బులో అది పది బిందువుల మధ్య తిరిగి తిరిగి తెల్లబోతుంది.

రంగు స్వభావంలోనూ తేడా ఉంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన పట్టుచీరను ఎండలో అటూ ఇటూ తిప్పితే ఎలా ఛాయలు మారతాయో, ఇరిడెసెన్స్ అలా ఉంటుంది. పావురం మెడ మీది మెరుపు, ముత్యపు చిప్ప లోపలి మెరుపు గుర్తుకొస్తాయి. ఆర్కులైతే అలా ఉండవు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం వరుస తప్పకుండా, ముదురుగా, గీసినట్టు ఉంటాయి.

ఇరిడెసెన్స్ ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది

గొర్రెల మందలా చిన్న చిన్న ముక్కలుగా పరుచుకునే ఆల్టోక్యుములస్ మబ్బులు దీనికి మంచి చోటు. ఆ మంద సూర్యుడి ముందునుంచి సాగుతున్నప్పుడు ఒక్కో ముక్క అంచునూ చూడండి. వాన వెలిసి ఆకాశం పలచబడుతున్న గంటలు బాగుంటాయి.

మన దగ్గర ఇంకో మంచి అవకాశం ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు. ఎండకు వేడెక్కిన గాలి కొండల మీద పైకి లేచి, కాలీఫ్లవర్‌లా గుబురు మబ్బు పెరుగుతుంది. తిరుపతి నుంచి చూస్తే చంద్రగిరి వైపు, అంటే పడమర, ఇలాంటి మబ్బు వెనక సూర్యుడు దాగితే దాని నెత్తి మీద కన్నేసి ఉంచండి. వేగంగా పెరిగే మబ్బు తన మీదున్న తేమగాలిని పైకి నెడుతుంది. ఆ గాలి చల్లబడి మబ్బు తలమీద పలచటి తలపాగాలా ఒక పొర కడుతుంది. దాని పేరు పైలియస్. ఉండేది కొద్ది నిమిషాలే. అందులో బిందువులన్నీ ఒక్కసారే పుట్టినవి కాబట్టి రంగులు మహా గొప్పగా వస్తాయి. కింద నల్లటి మబ్బు, అంచున వెండి గీత, దానిమీద గులాబీ, పచ్చ, నీలం పరిచిన తలపాగా. కిందనుంచి గుబురు మబ్బు ఆ పొరను పొడుచుకుని పైకి రాగానే అంతా అయిపోతుంది. ఫోన్ కోసం కిందికి పరుగెత్తి వచ్చేలోపు పోవచ్చు. ముందు కళ్ళారా చూడండి.

చంద్రుడి దగ్గర కూడా ఇరిడెసెన్స్, కరోనా వస్తాయి. కళ్ళకు ప్రమాదం లేదు కాబట్టి పిల్లలకు చూపించడానికి పున్నమికి అటూ ఇటూ రాత్రులే మేలు.

అడ్డ హరివిల్లు: తిరుపతి లెక్క

ఫైర్ రెయిన్‌బో అనే పేరుతో ఫోన్లలో తిరిగే ఫొటోల్లో చాలావరకు ఇదే. నిప్పుతోనూ వానతోనూ దీనికి సంబంధం లేదు. బల్లపరుపుగా తేలే పలకల్లాంటి మంచు పలుకుల్లో, వెలుగు పక్క గోడ నుంచి దూరి అడుగు నుంచి బయటికొస్తే ఇది ఏర్పడుతుంది. దానికి సూర్యుడు 58 డిగ్రీలకు పైన ఉండి తీరాలి. లండన్ వాళ్ళకు ఆ ఎత్తు వేసవిలో కొద్ది వారాలే దొరుకుతుంది. మనకు ఏడాదిలో తొమ్మిది నెలలకు పైగా దొరుకుతుంది. నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి వారం దాకా మాత్రం తిరుపతిలో మధ్యాహ్నపు సూర్యుడు కూడా ఆ ఎత్తుకు రాడు. డిసెంబర్‌లో అయితే 53 డిగ్రీలే.

సూర్యుడి ఎత్తు తెలుసుకోవడానికి నీడ చాలు. సమనేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, మీ నీడను మీ పాదాలతోనే కొలవండి. నాలుగు పాదాల లోపుంటే సూర్యుడు 58 దాటినట్టే. పదిన్నర పాదాలు దాటితే సూర్యుడు 32 డిగ్రీల కింద ఉన్నట్టు, అప్పుడు తలకిందుల హరివిల్లుకు వీలుంది. ఈ రెంటికీ మధ్యలో ఉంటే రెండూ రావు. పెద్దలు పాదాల నీడతో పొద్దు చెప్పినట్టే ఇదీ.

ఏప్రిల్ 26 ప్రాంతంలోనూ, ఆగస్టు 16, 17 ప్రాంతంలోనూ తిరుపతిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ చివర్లో ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండుంబావు దాకా నీడ నాలుగు పాదాల లోపే ఉంటుంది. ఈ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అడ్డ హరివిల్లు ఎప్పుడూ సూర్యుడున్న వైపే, సూర్యుడి కింద వస్తుంది. అంటే మే, జూన్, జూలైల్లో పన్నెండు గంటల ప్రాంతంలో అది ఉత్తరాన, సరిగ్గా తిరుమల కొండల నెత్తి మీద కనబడాలి. మిగతా నెలల్లో ఆ వేళకు దక్షిణాన వెతకాలి.

ఎత్తుకు కూడా ఒక హద్దుంది. ఇది దిగంతం నుంచి 32 డిగ్రీలకు మించి పైకి రాదు. జానన్నర దాటి పైనున్న రంగుల పట్టీ అడ్డ హరివిల్లు కాదు. నేనొకసారి మే నెలలో అలిపిరి దగ్గర దీన్ని చూశాను. ఈకల్లాంటి మబ్బులు నాలుగైదు కొండ మీదుగా పోతున్నాయి. ఒక్కో ఈక దిగంతం నుంచి మూడు పిడికిళ్ళ ఎత్తుకు రాగానే పై కొసన ఎరుపు, కిందికి పసుపు, పచ్చ, నీలం దిగేవి. ఆ చోటు దాటగానే ఈక మళ్ళీ తెల్లబడేది. వెనకది వచ్చి అదే చోట రంగెక్కేది. చెప్పులు విడిచి కొండెక్కడానికి సిద్ధమవుతున్నవాళ్ళు చాలామంది తలెత్తి నమస్కారం పెట్టారు. పాదాలతో నీడ కొలిస్తే నిండా ఒక్క పాదం కూడా లేదు.

ఆ ఈకల మబ్బుల్ని సిర్రస్ అంటారు. సాధారణంగా పది కిలోమీటర్లకు పైన, అంతా మంచు పలుకులే. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల లేజర్ కిరణాలతో ఈ మబ్బుల ఎత్తునూ మందాన్నీ కొలుస్తుంది. మనం ఎప్పుడూ బస్సులో దాటిపోయే ఊరు అది.

మిగతావి త్వరగా

22 డిగ్రీల పరివేషం మన దగ్గర తరచుగా కనబడుతుంది. పలచటి తెర కప్పినట్టు ఆకాశం తెల్లబడి, ఎండ కాస్త మందగించిన రోజు సూర్యుడి చుట్టూ జాన పెట్టి చూడండి. వలయం లోపలి ఆకాశం బయటికంటే నల్లగా కనిపిస్తుంది. అది కచ్చితమైన గుర్తు.

సన్‌డాగ్ సూర్యుడు కిందికి దిగినప్పుడు బాగుంటుంది. సూర్యుడు పైకెక్కేకొద్దీ అది పరివేషం నుంచి బయటికి జరుగుతుంది, 60 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి పోతుంది.

తలకిందుల హరివిల్లును మనవాళ్ళు చూడకపోవడానికి ఒకే కారణం, నడినెత్తి దాకా మెడ వంచి చూడకపోవడం. సాయంత్రం నాలుగున్నర, అయిదు ప్రాంతంలో పక్కన సన్‌డాగ్ కనబడితే వెంటనే తల పూర్తిగా ఎత్తండి. రెండూ ఒకే రకం పలుకుల వల్ల వస్తాయి.

ఇక ముత్యపు మబ్బులని కొన్ని ఫొటోలు వస్తుంటాయి. అవి ధ్రువాల వైపు చలికాలంలో, నేలకు 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 78 డిగ్రీల కంటే చల్లటి గాలిలో ఏర్పడేవి. తిరుపతిలో తీశామని ఎవరైనా పంపితే నమ్మొద్దు.

పొద్దుగూకేటప్పటి కెంపు మబ్బులు వీటిలో దేనికీ చెందవు. వాటిలో పసుపు, నారింజ, ఎరుపు తప్ప పక్కపక్కన ఆకుపచ్చ, గులాబీ పట్టీలు ఉండవు.

మోసపోయే చోట్లు

కారు వెనక అద్దం, బస్సు కిటికీ, విమానం కిటికీ గుండా చూస్తే మబ్బుల మీద రంగుల మరకలు కనబడొచ్చు, ముఖ్యంగా పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళకు. అద్దం తయారీలో మిగిలిన ఒత్తిడి వల్ల వచ్చే రంగులవి. అద్దం దించి, కళ్ళద్దాలు తీసి చూడండి. పోతే మబ్బుది కాదు.

ఫోన్ లెన్స్‌లో సూర్యుడు పడితే పచ్చటి, ఊదా మచ్చలు వస్తాయి. ఫోన్ కొద్దిగా తిప్పితే అవి తెరమీద ఎగిరి వేరే చోటికి పోతాయి. ఆకాశంలో ఉన్న రంగు పోదు.

మూడోది మన జిల్లాకే ప్రత్యేకం. శ్రీహరికోట మనకు నేరుగా తూర్పున దాదాపు 90 కిలోమీటర్లు. తెల్లవారకముందో పొద్దుగూకాకో రాకెట్ లేస్తే, నేలమీద చీకటైనా పైనున్న పొగకు ఎండ తగులుతుంది. ఆ పొగ గాలులకు మెలికలు తిరిగి వెలుగుతుంది. అందులోని సన్నటి కణాల వల్ల నిజమైన ఇరిడెసెన్స్ కూడా రావచ్చు. తూర్పున మెలికల తెల్లటి దారం, దాని అంచున రంగులు కనబడితే ఆరోజు ప్రయోగం ఉందేమో చూడండి.

ఇంట్లో ఒక ప్రయోగం

ఆకాశంలో దొరికేదాకా ఆగలేకపోతే ఇలా చెయ్యండి. రాత్రి వంటింట్లో దీపం ఆర్పి, దూరంగా ఉన్న వీధిలైటు కనబడేలా నిలబడండి. శుభ్రమైన గాజు పలకను ఇడ్లీ పాత్ర ఆవిరి మీద ఒక్క క్షణం ఉంచి తీసి, దాని గుండా లైటును చూడండి. లైటు చుట్టూ రంగుల వలయాలు, బయటి అంచు ఎర్రగా. గాజు మీద ఆవిరి ఆరుతుండగా వలయాలు మారిపోతాయి. ఎక్కువసేపు ఆవిరి పట్టిస్తే బిందువులు కలిసి చిన్నా పెద్దా అయి రంగులు చెదిరిపోతాయి. మబ్బులో జరిగేదీ ఇదే. సీ.టీ.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్త 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండమీద కరోనాలూ గ్లోరీలూ చూసి, వాటిని గదిలో పుట్టించాలని మొదలుపెట్టిన పని చివరికి క్లౌడ్ ఛాంబర్ అయింది. అణు కణాల దారుల్ని కంటికి చూపించిన ఆ పరికరానికి 1927లో నోబెల్ వచ్చింది.

ఎవరో పంపిన ఫొటో అయితే

ఫొటోలో జాన పెట్టలేం. అందుకే తీసినవాళ్ళను మూడు అడగాలి: ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు. వీలైతే సూర్యుడు ఫొటోకు ఎటు పక్కన ఉన్నాడో కూడా.

పోయిన డిసెంబర్‌లో పుత్తూరు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, ఫొటో చూసినావా? అడ్డంగా ఉంది రంగు. నువ్వు చెప్పిన అడ్డ హరివిల్లే కదా?"

"ఎప్పుడు తీసినావు?"

"ఇప్పుడే, పన్నెండు గంటలకు."

"నీ నీడ ఎన్ని పాదాలుందో కొలిచి చెప్పు."

కాసేపాగి, "అయిదు" అన్నాడు.

"నాలుగు దాటింది కాబట్టి అది కాదు. సూర్యుడి నుంచి ఎంత దూరం?"

"గోడచాటున పెట్టి కొలిస్తే జాన కూడా లేదు బావా."

ఫొటో పెద్దది చేసి చూశాను. అడ్డంగా ఉన్నది మబ్బే. రంగు ఆ మబ్బు కింది అంచు వెంట గులాబీగా పోయి, కొసన అంచు మడత పడిన చోట తానూ మడత పడి, ఆకుపచ్చగా మారి పైకెక్కింది. ఇరిడెసెన్స్ అని చెప్పాను. "ఇంకా ఉందా?" అని అడిగితే, "మబ్బు కరిగిపోయింది, దాంతోపాటే పోయింది" అన్నాడు.